నికితాస్ రాయి

ఆ పరదేశీ జంట మీద నేను చెయ్యి చేసుకోలేదంటే ఒకటే కారణం, నా చేతిలో గాడిద పగ్గం ఉంది.

కొండ కొమ్మున ఫనూరియోస్ సాధువు చర్చి. నలుగురు లోపల నిలబడితే ఐదోవాడు గుమ్మంలో ఉండాలి, అంత చర్చి. దాని ముందు మోకాలెత్తు పిట్టగోడ. ఆ గోడ పక్కనుంచే నల్లగుమ్మం తీరానికి దారి దిగుతుంది. ఆ మధ్యాహ్నం నేను ఉప్పు మోయించడానికి గాడిదను తోలుకుని అక్కడికి వచ్చేసరికి, ఆ ఇద్దరూ గోడ మీద రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి, గోపురం కట్టి, దానికి ఫొటోలు తీస్తున్నారు.

రాళ్ళు పేర్చుకుంటే నీ సొమ్మేం పోయింది అంటారేమో. మా ఊళ్ళో పాలు మరవని పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. నల్లగుమ్మానికి దిగే ప్రతి మనిషీ గోడ మీద ఒక రాయి పెట్టి దిగాలి. పైకి వచ్చాక తన రాయి తనే తీసి పారెయ్యాలి. సాయంత్రం ఆ దారిన పోయేవాళ్ళు గోడ వంక చూస్తారు. రాయి ఉందంటే కింద మనిషి ఉన్నట్టు. చీకటి పడేలోగా ఊరంతా తాళ్ళు పట్టుకుని దిగుతుంది. ఒకరి రాయి ఇంకొకరు ముట్టుకోరు. "నీ రాయి నేను తీస్తా" అన్నామంటే, నువ్వు తిరిగి రాకూడదని శపించినట్టే. ఆ మాట మీద మా ఊళ్ళో తలలు పగిలాయి.

ఇంత కట్టుదిట్టం ఊరికే పెట్టుకోలేదు. అక్కడికి రోడ్డు లేదు, ఫోను పలకదు, హోటళ్ళవాళ్ళు వచ్చి చూసి దణ్ణం పెట్టి పోయారు. కిందికి దిగాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే ఉప్పుబండలు, వేసవంతా రాతిగుంటల్లో సముద్రం ఎండి ఉప్పుగా మిగిలేది అక్కడే. కుడికి పోతే నల్లరాతిలో వంగి దూరాల్సిన కన్నం. అదే గుమ్మం. దాని అవతల గుప్పెడు ఇసుక, చుట్టూ నిట్టనిలువు కొండ. ఉత్తరపు గాలి వీచినన్నాళ్ళూ అక్కడ నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. గాలి దక్షిణానికి తిరిగే రోజు మాత్రం, గాలికన్నా ముందు అల వస్తుంది. గుమ్మం నిండిపోతుంది, ఇసుక మునిగిపోతుంది. అవతల ఉన్నవాడు అవతలే.

మా అన్న నికితాస్ అలాగే పోయాడు. తొమ్మిదేళ్ళయింది. శవం దొరకలేదు. గోడ మూల మీద అతని రాయి మిగిలింది, బూడిదరంగు రాయి, నడుముకు పటకా చుట్టినట్టు తెల్లటి చార. అతను వచ్చి తియ్యాల్సిన రాయి, ఇంకెవరు తీస్తారు? అక్కడే ఉండిపోయింది. ఏటా ఈస్టర్ ముందు ఆ గోడకు సున్నం వేసేది నేనే. రాయిని కదపకుండా చుట్టూ వేస్తాను. పోయినవాళ్ళ పేరున ఉడికించే గోధుమలు దాని ముందే పెడతాను, ఎందుకంటే మా అన్నకు వేరే సమాధి లేదు. పోయినవన్నీ చూపిస్తాడని పేరున్న ఫనూరియోస్ సాధువుకు ఏటా కేకు చేసి పెడుతూనే ఉన్నాను. నా తాళంచెవులు రెండుసార్లు చూపించాడు మహానుభావుడు, మా అన్నను మాత్రం చూపించలేదు.

అందుకని మా ఊళ్ళో ఎవరు లెక్కపెట్టినా ముందు "ఒకటి నికితాస్‌ది" అనుకుని, అప్పుడు మిగతావి లెక్కపెడతారు. మూడుంటే కింద ఇద్దరున్నట్టు. ఒకటే ఉంటే ఎవరూ లేనట్టు. పిల్లలు కూడా అలాగే నేర్చుకున్నారు.

"ఏం చేశార్రా, మీ చేతులు పడిపోను!" అన్నాను.

ఆమె నవ్వింది. ఎండకు ముక్కు తోలు ఊడిన మనిషి. "మంచిది! అందం!" అంది మా గ్రీకు భాషలో, గోపురాన్ని చూపిస్తూ.

"అందం సంగతి తర్వాత. గోడ మీద ముందు ఎన్ని రాళ్ళున్నాయి? మీరు రాకముందు!"

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె వేళ్ళు చూపించింది. "గోడ మీద మూడు. మిగతాది నేల మీద. మేము ఏరింది."

ఒళ్ళు మండుతూనే ఉంది గానీ కొంచెం ఊపిరి వచ్చింది. మూడు. ఒకటి నికితాస్‌ది. తెల్లవారకముందే ఉప్పుకు దిగిన మా ఆయన మీనాస్‌ది ఒకటి, వెంట పోయిన స్తాథిస్‌ది ఒకటి. సరిపోయింది.

అప్పుడు సముద్రం వంక చూశాను. ఆకు కదలడం లేదు. కానీ నీళ్ళ మీద నూనె పోసినట్టు మెరుపు, ఆకాశం అంచున మట్టిరంగు. దక్షిణం నుంచి పొడుగాటి అలలు, ఒకదాని వెనక ఒకటి, తొందరేమీ లేనట్టు వస్తున్నాయి. ఇలాంటి రోజే మా అన్న దిగాడు.

"ఓ మీనాస్! పైకి రావయ్యా! అల తిరిగింది!" అని గొంతు చించుకుని అరిచాను. మళ్ళీ అరిచాను. అరుస్తూనే ఉన్నాను, దారి మలుపులో మా ఆయన బట్టతల కనిపించేదాకా.

"ఊరు మునిగినట్టు ఆ కేకలేమిటే, వస్తున్నాంగా!" అన్నాడు, భుజం మీద బస్తాతో ఆయాసపడుతూ.

"కేకలెయ్యకపోతే నువ్వు ఆ ఉప్పులోనే ఊరేవాడివి, ఉప్పుచేపలాగా."

వెనకే స్తాథిస్. "గుమ్మం సగం నిండింది అక్కా" అన్నాడు నాతో. నేను విననట్టు గాడిద జీను సర్దాను.

వాడితో నాకు మాటల్లేవు. కాసోస్ దీవివాడు, మా రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. గోళ్ళలో నూనె మడ్డి తప్ప మనిషిలో వంక పెట్టడానికేమీ లేదు, అది ఇంకా కోపం. ఆగస్టు పండగనాడు అందరి ముందూ మా వదిన సెవస్తీని పెళ్ళాడతానన్నాడు. మా అన్న భార్యను! వదిన తల వంచుకుంది, ఔననలేదు, కాదనలేదు. నేనే లేచి చెప్పాను, కాఫీ కొట్టు మొత్తానికి వినబడేలా. "నికితాస్ రాయి గోడ మీద ఉన్నంత కాలం సెవస్తీ నికితాస్ పెళ్ళామే" అని. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు. నేను నోరు తెరిస్తే మా ఊళ్ళో సాధారణంగా అదే జరుగుతుంది.

మీనాస్ బస్తా దించి, తన రాయి తియ్యబోయి ఆగిపోయాడు. "ఇదేం చోద్యం?"

"వీళ్ళ తెలివి. మూడే ఉన్నాయట ముందు. నువ్వు, అతను, మా అన్న."

"అయితే సరిపోయింది. కింద ఎవరూ లేరు." మీనాస్ చెమట తుడుచుకున్నాడు. "పదండి, గాలి వచ్చేలోగా ఊళ్ళో పడదాం."

వాళ్ళు బస్తాలు గాడిద మీదికెత్తి తాడు బిగిస్తున్నారు. కింద అల కొండను కొట్టిన చప్పుడు కాళ్ళకు తెలిసింది. పోదామనే తిరిగాను. కానీ మా అన్న రాయిని ఆ గోపురంలో ఎలా వదిలేసి పోను? దాని చోట దాన్ని పెట్టి పోదామని వెనక్కి వచ్చాను.

గోడ మూల మీద సున్నం అంటని మచ్చ బోసిగా కనిపించింది. గోపురంలో పైరాయి తీశాను, అది కాదు. రెండోది తీశాను. చార లేదు. మొత్తం కూల్చేశాను. తెల్లటి చారున్న రాయి లేదు.

"మా అన్న రాయి ఏదే?" ఆమె భుజాలు పట్టుకుని కుదిపేశాను. "ఎక్కడ పారేశావు? చెప్పు! నడుముకు తెల్ల చార! ఎక్కడ?"

"మేము పారెయ్యలేదు! ఏమీ పారెయ్యలేదు!" ఆమె మొగుడు అడ్డం వచ్చాడు. నేను అతన్నీ తోశాను.

"ఒసే, ముందు నడువు! రాయి కోసం తర్వాత వెతుక్కుందువు గానీ" అని మీనాస్ నా చెయ్యి పట్టి లాగుతున్నాడు.

"తర్వాతేమిటి తర్వాత! మా అన్నను చెత్తలా విసిరేశారు, తర్వాతట!"

ఆమె ఏడుస్తూ ఫోను తీసి నా మొహం ముందు పెట్టింది. "చూడు. ముందు. మేము ముట్టుకోక ముందు."

ఫొటోలో మా గోడ. రెండు రాళ్ళు పక్కపక్కన. ఇంకొకటి దూరంగా, మూల దగ్గర, బల్లపరుపు ఎర్రరాయి. దాన్ని ఆనుకుని సున్నం అంటని బోసి మచ్చ. అప్పటికే రాయి లేదు. వీళ్ళు రాకముందే లేదు.

మా అన్న రాయిని ముట్టుకునే హక్కున్నవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరం. నేను ఒకదాన్ని. రెండో మనిషి ఎప్పుడు నల్లగుమ్మానికి దిగినా, తన రాయిని తెచ్చి మా అన్న రాయికి ఆనించి పెడుతుంది. పక్కన కూర్చోబెట్టినట్టు.

"మీనాస్" అన్నాను. "మూడుంటే ముగ్గురు."

"ఏమిటి?"

"ఇందులో నికితాస్‌ది లేదయ్యా! వదిన తీసుకుపోయింది. రాయిని తీసుకుని కిందికి దిగింది, తన రాయి పెట్టి దిగింది. ముగ్గురు కింద ఉన్నట్టు. మీరిద్దరే వచ్చారు!"

"మేము ఉప్పుబండల మీద..." మీనాస్ మొహం పాలిపోయింది. ఉప్పుబండల మీంచి ఇసుక కనబడదు. ఆమె ఎప్పుడు గుమ్మం దాటిందో వీళ్ళకేం తెలుసు.

స్తాథిస్ చేతికందిన రాయి ఒకటి గోడ మీద కొట్టినట్టు పెట్టి దారిన పడ్డాడు. ముడి విప్పే ఓపిక లేక మీనాస్ బస్తాలు దొర్లించేసి తాడు లాగాడు, ఉప్పు దారంతా పారింది. "నువ్వు ఇక్కడే ఉండు" అన్నాడు.

"నేనుండను."

"అయితే రాయి పెట్టి చావు!"

ఎర్రరాయిని వెతికి దాని చోట పెట్టాను. మీనాస్‌దీ నాదీ పెట్టాను. స్తాథిస్ పెట్టినదాన్ని అలాగే ఉంచి, మిగతావన్నీ గోడ మీంచి తుడిచేశాను. పరదేశీ అమ్మాయి వైపు తిరిగి, "ఇవి మనుషులు. ముట్టుకోకు" అన్నాను. అర్థమైందో లేదో, ఆమె గోడకు అడ్డంగా నిలబడి తల ఊపింది.

ఎలా దిగానో నాకు గుర్తులేదు. కిందికి వచ్చేసరికి గుమ్మం లేదు. అల వచ్చినప్పుడల్లా ఆ కన్నం లోపల పిడుగు పడ్డట్టు మోగి, నీళ్ళు నిలువెత్తు చిమ్ముతున్నాయి. గుమ్మం మీది రాతిని ఉప్పుబండల వైపు నుంచి పాకి ఎక్కాం. నాచు మీద కాళ్ళు నిలవడం లేదు. స్తాథిస్ అప్పటికే కొనకు చేరి, "సెవస్తీ! సెవస్తీ!" అని అరుస్తున్నాడు.

అవతల ఇసుక లేదు. తెల్లటి నురగ, కొండ, అంతే. కొండకు ఆనుకుని ఒక రాతిగుండు. దాని మీద మా వదిన నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉంది. తలకు కట్టుకునే నల్లగుడ్డలో ఏదో చుట్టి రెండు చేతులతో గుండెకు అదుముకుంది. ఏం చుట్టిందో నేను అడగక్కర్లేదు.

మీనాస్ తాడు విసిరాడు. అందలేదు. మళ్ళీ విసిరాడు, అల దాన్ని మాకే తిప్పికొట్టింది. మూడోసారి ఆమె భుజం మీద పడింది. ఒక చేత్తో పట్టుకుంది. రెండో చెయ్యి మూట మీంచి కదల్లేదు.

"రెండు చేతులూ వెయ్యి! రెండు చేతులతో పట్టుకో!" అని మీనాస్ అరిచాడు.

అల వచ్చింది. వదిన కనిపించలేదు. నేను దేవుణ్ణి పిలిచానో తిట్టానో తెలియదు. నీళ్ళు తీసేసరికి ఆమె గుండు మీద లేదు. ఒంటి చేత్తో తాడు పట్టుకుని వేలాడుతోంది, వేళ్ళు ఒక్కొక్కటే జారుతున్నాయి.

స్తాథిస్ బూట్లు విప్పేశాడు. "నేను దిగుతున్నా."

"దిగితే ఇద్దరూ పోతారు!" మీనాస్ కాలు అడ్డం పెట్టాడు. "ఆమె రెండో చెయ్యి వేస్తే నేను లాగుతా. ఒంటి చేత్తో రాదు. చెప్పండి ఆమెకు!"

నేను రాతి మీద బోర్లా పడుకుని తల కిందికి వంచాను. "వదినా! ఆ మూట వదిలెయ్!"

ఆమె తల పైకెత్తింది. పెదాలు నీలంగా ఉన్నాయి. "ఎలా వదలనే?" అంది. "రేపు నువ్వడిగితే ఏం చెప్పను?"

అంత హోరులోనూ ఆ మాట నా చెవిలో చెప్పినట్టు వినబడింది. చావు మెడ మీద కూర్చుని ఉంటే ఆమె భయపడుతున్నది సముద్రానికి కాదు, నాకు. సిగ్గుతో, భయంతో నా నోరు పిడచకట్టుకుపోయింది. నా జీవితంలో నా నోరు మూతపడింది అప్పుడొక్కసారే, అదీ తెరవాల్సిన వేళ.

దూరాన ఇంకో అల లేస్తోంది.

"అడగను!" అని అరిచాను. "అడగను వదినా! సాధువు సాక్షిగా ఎప్పుడూ అడగను! వదిలెయ్! మా అన్నను వదిలెయ్, నువ్వు రా!"

ఆమె నన్నే చూసింది. నిజమేనా అని అడుగుతున్నట్టు చూసింది. నేను తల ఊపాను, ఏడుస్తూ ఊపుతూనే ఉన్నాను. ఆమె చెయ్యి తెరిచింది. నల్లగుడ్డ ఒకసారి నీటి మీద విచ్చుకుంది, మునిగిపోయింది. రెండో చెయ్యి తాడు మీద పడింది.

"లాగు!" అన్నాడు మీనాస్. ఇద్దరూ లాగారు. అల రాతిని కొట్టేటప్పటికి ఆమె జుట్టు నా గుప్పిట్లో ఉంది. ఆ జుట్టు నేను వదల్లేదు, మీనాస్ నా వేళ్ళు విడదీసేదాకా.

పైకి ఎక్కుతుంటే గాలి మొదలైంది. స్తాథిస్ ఆమెను వీపున మోశాడు. నేను వెనక నుంచి ఆమె పాదాలు పట్టుకుని నడిచాను, మంచులా ఉన్నాయి. దారిలో వదిన ఆగి ఆగి చెప్పింది. "పొద్దున్నే ఆ రాయిని సముద్రంలో విసిరేసి వచ్చేద్దామనుకున్నానే. నీకు తర్వాత చెబుదామనుకున్నా. చెయ్యి రాలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయా. అల తిరిగాక గుమ్మం దగ్గరికి పరిగెత్తా, నిండిపోయింది." కాసేపు పళ్ళు కటకటలాడాయి. "పర్లేదు, నా రాయి ఉంది, వస్తారులే అనుకున్నా. అప్పుడు తట్టింది. మూడున్నాయి కదా. ఒకటి నికితాస్‌ది అనుకుంటారు కదా. ఇంక ఎవరూ రారనుకున్నా."

నేను ఆమె పాదాలు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

పైన పరదేశీ అమ్మాయి గోడకు అడ్డంగా అలాగే నిలబడి ఉంది, గాలికి జుట్టంతా మొహం మీద పడుతున్నా కదలకుండా. తన కోటు విప్పి వదినకు కప్పింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. క్షమాపణ అన్న మాట నా నోట ఎప్పుడూ సరిగ్గా పలకదు. "ఫొటో" అన్నాను. "మంచిది. అందం." ఆమె బావురుమంది.

మీనాస్ తన రాయి తీసి కొండ మీంచి విసిరాడు. స్తాథిస్ విసిరాడు. నేను విసిరాను. మూల దగ్గర ఎర్రరాయి ఒక్కటి మిగిలింది, పక్కన బోసి మచ్చతో. వదిన దాని వంక చూసి, నా వంక చూసింది. చెయ్యి చాచలేదు.

"తియ్యమంటావా?" అంది.

"నీ రాయి నేను తియ్యకూడదు వదినా. నువ్వే తియ్యాలి."

తీసింది. విసిరే బలం లేదు, గోడ అవతలికి జారవిడిచింది. అది దొర్లుతూ పోయిన చప్పుడు కాసేపు వినబడింది.

మీనాస్ ఖాళీ గోడ వంక చూసి, అలవాటు కొద్దీ పెదాలు కదిపాడు. "ఒకటి నికితా..." అని, నాలిక కరుచుకుని నా వైపు చూశాడు.

"లేదు" అన్నాను. "అందరం వచ్చేశాం."